ఫ్రాకింగ్: ఎన్ని నీళ్లు పోస్తారు, ఏ నీళ్లు తిరిగొస్తాయి

నెల్లూరు జిల్లా బిట్రగుంట నుంచి తూర్పుగా జువ్వలదిన్నె వైపు పోయే కొద్దీ బోరు నీళ్ల రుచి మారిపోతుంది. ఒక చేలో నీళ్లు తాగడానికి పనికొస్తాయి, నాలుగు చేల అవతల నోట్లో పెట్టుకోలేం. ఆ తేడాను కొలవడం ఇక్కడి రొయ్యల రైతులకు వెన్నతో పెట్టిన విద్య. చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ గాజు పలక మీద ఒక్క చుక్క వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి ఒక కన్నుతో చూస్తే లోపల నీలం, తెలుపు కలిసేచోట ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె దగ్గర నిలిస్తే నీళ్లలో అంత ఉప్పున్నట్టు. లీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే ఈ కొలతనే గుంటల దగ్గర పీపీటీ అంటారు. సముద్రపు నీళ్లు సుమారు 35. తాగే నీళ్లలో కరిగిన లవణాలకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, అంటే అర పీపీటీ. వేరే దిక్కు లేకపోతే 2 దాకా ఓర్చుకోవచ్చు. వరి పైరుకు కూడా దాదాపు ఆ 2 దగ్గరే దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

ఈ కొలతను గుర్తుంచుకోండి. చమురు, గ్యాస్ కోసం రాతిని పగలగొట్టే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, వాడుకలో ఫ్రాకింగ్, నేలకూ నీళ్లకూ ఏం చేస్తుందో చెప్పడానికి మన తీరంలో ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే కొలత లేదు.

బిట్రగుంటలో ఫ్రాకింగ్ బావి లేదు. కృష్ణా–గోదావరి బేసిన్ ఒంగోలు దాటి ఈ వైపు వచ్చేసరికి సన్నగిల్లిపోతుంది. కానీ చమురు మాట ఇక్కడికి కొత్త కాదు. ఉత్తరాన రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ ఏడాదికి 90 లక్షల టన్నుల స్థాయి రిఫైనరీ పెట్టే ప్రతిపాదన నడుస్తోంది. ఆ పైన, అదే తీరం వెంట ఉన్న కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఫ్రాకింగ్ ఇప్పటికే జరిగింది. అందుకే ఈ లెక్కలు ఇప్పుడు చూసుకోవాలి.

రాయి ఎందుకు పగలగొట్టాలి

మామూలు గ్యాస్ బావిలో గ్యాస్ ఇసుకరాయి సందుల్లో ఉంటుంది, బావి తవ్వగానే తన ఒత్తిడితో తానే పైకి వస్తుంది. షేల్ అనే పలకరాయిలో సందులు కలిసి ఉండవు, గ్యాస్ కదల్లేదు. కాబట్టి మూడు, నాలుగు కిలోమీటర్ల లోతుకు బావి దించి, అవసరమైతే అడుగున అడ్డంగా తిప్పి, నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి పంపులతో కొడతారు. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 10,000 పౌండ్ల దాకా పోతుంది. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. రాయి చీలుతుంది. నీళ్లతో పోయిన ఇసుక ఆ చీలికలు మళ్లీ మూసుకుపోకుండా అడ్డం నిలబడుతుంది. అప్పుడు గ్యాస్ కదులుతుంది.

మన రాష్ట్రంలో ఈ రాళ్లకు ఊళ్ల పేర్లే ఉన్నాయి: కొమ్ముగూడెం షేల్, రాఘవాపురం షేల్. 2011 జనవరిలో ఓఎన్‌జీసీ పశ్చిమ బెంగాల్‌లో దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్‌లో ఫ్రాకింగ్ చేసి దేశంలో తొలిసారి షేల్ గ్యాస్ తీసింది. 2013 అక్టోబర్ 14న కేంద్రం షేల్ విధానం ప్రకటించి, తొలి దశలో ఓఎన్‌జీసీకి 50 బ్లాకులు అప్పజెప్పింది. అందులో గుజరాత్‌కు 28, మనకు 10, తమిళనాడుకు 9. కృష్ణా జిల్లా నాగాయలంకలో ఓఎన్‌జీసీ, కెయిర్న్ కలిసి చేపట్టిన బ్లాకులో గట్టి రాతి నుంచి నూనె రాబట్టడానికి ఫ్రాకింగే దిక్కయింది. సముద్రంలో, కాకినాడకు ఎదురుగా, గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ దీన్‌దయాళ్ క్షేత్రంలోనూ అదే పని చేసింది.

ఎంత గ్యాస్ ఉందని చెప్పారో చూడండి. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ భారత్‌లో తీయదగ్గ షేల్ గ్యాస్ 96 టీసీఎఫ్ అని లెక్కకట్టింది. ఒక టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. ఆ 96లో 57 ఒక్క కృష్ణా–గోదావరి బేసిన్‌దే. అంతకు కొద్దికాలం ముందే అదే దేశపు భూగర్భ సర్వే సంస్థ మన మూడు బేసిన్లకు కలిపి వేసిన అంచనా 6.1. రెండూ నిపుణుల లెక్కలే, మధ్య తేడా పదిహేను రెట్లు పైన. దీన్‌దయాళ్ కథ ఇంకా కళ్లకు కడుతుంది: 2005 జూన్‌లో 20 టీసీఎఫ్ దొరికిందని ప్రకటించారు, చివరికి ఆమోదం పొందిన క్షేత్ర ప్రణాళికలో తేలింది 2 లోపు. పెట్టిన ఖర్చును కాగ్ వరుసగా తప్పుపట్టింది. 2017లో ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనాల్సి వచ్చింది. షేల్ బ్లాకుల్లో తవ్విన బావులూ ఆశించిన ఫలితమివ్వలేదు. లాభం అంకెలు ముందుగా, పెద్దవిగా వస్తాయి. నష్టం అంకెలు ఆలస్యంగా వస్తాయి, అదీ ఎవరైనా కూర్చుని లెక్కపెడితేనే. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఆ తేడానే.

పోసే నీళ్లు

అమెరికా భూగర్భ సర్వే ప్రకారం ఒక బావి ఫ్రాకింగ్‌కు 15 లక్షల గాలన్ల నుంచి 1.6 కోట్ల గాలన్ల వరకు నీళ్లు పడతాయి. మన లీటర్లలో 57 లక్షల నుంచి 6 కోట్ల దాకా. మన దేశంలో హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ చెప్పే అంకె ఒక దఫాకు 50 నుంచి 90 లక్షల లీటర్లు. మామూలు బావుల్లో చేసే ఫ్రాకింగ్‌తో పోలిస్తే షేల్‌లో వాడే ద్రవం 5 నుంచి 10 రెట్లు ఎక్కువని, నీటి వనరులు తగ్గిపోవడానికీ, తిరిగొచ్చే నీటిని పారబోయడం వల్ల కలుషితం కావడానికీ అవకాశం ఉందని ఆ సంస్థ మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి.

90 లక్షల లీటర్లంటే ఎంత? జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. ఆ లెక్కన దాదాపు 450 మందికి ఏడాది పొడుగునా సరిపోతాయి. అమెరికా పై అంకె 6 కోట్ల లీటర్లయితే 3,000 మందికి. పది వేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే మొదటిదానికి 900 ట్రిప్పులు, రెండోదానికి 6,000. బోగోలు మండలంలోని ఏ పల్లె రోడ్డు మీదైనా ఎండాకాలంలో ఆ ట్రిప్పుల్ని ఊహించుకోండి. దుమ్ము, డీజిల్ పొగ, కుంగిపోయిన తారు, బడి పిల్లలు నడిచే దారి.

కానీ ఇక్కడ ఆగి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే 48 లక్షల లీటర్లు పైనే. అంటే 90 లక్షల లీటర్లు రెండెకరాల వరి నీళ్లకు కాస్త తక్కువ. బావికి ఒక్క దఫా చొప్పున చూస్తే ఒక్క టీఎంసీతో మూడు వేల బావులకు పైగా ఫ్రాకింగ్ చేయొచ్చు, సోమశిల జలాశయం నిల్వ సామర్థ్యమేమో 78 టీఎంసీలు. కాబట్టి "నీళ్లన్నీ తాగేస్తుంది" అన్న ఒక్క వాదన మీదే నిలబడితే కంపెనీ ఇంజనీరు ఒక్క లెక్కతో పడగొట్టేస్తాడు. నీటి పరిమాణం స్థానికంగా బాధే. మే నెలలో ఒకే చెరువు మీద, ఒకే కాలువ మీద పడితే పెద్ద బాధే. అసలు ప్రమాదం మాత్రం వేరే చోట ఉంది. వరి చేలో పెట్టిన నీళ్లు ఆవిరై మబ్బులో కలుస్తాయి, లేదా ఇంకి పక్క బోరులో తేలతాయి. ఫ్రాకింగ్ నీళ్లు అలా తిరిగి రావు.

తిరిగొచ్చే నీళ్లు

పెన్సిల్వేనియా కింద ఉన్న మార్సెల్లస్ షేల్‌లో పోసిన నీళ్లలో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకే పైకి వస్తుంది. మిగిలింది రాతిలోనే ఉండిపోతుంది. వచ్చిన నీళ్లు కోట్ల ఏళ్లుగా రాతిలో ఉన్న ఉప్పును మోసుకొస్తాయి. రోజులు గడిచే కొద్దీ ఆ ఉప్పు ఎక్కువవుతూ పోతుంది, మార్సెల్లస్‌లో కొన్నిచోట్ల 200 పీపీటీ దాటింది. సముద్రం 35 అని మొదట చెప్పుకున్నాం. అంటే సముద్రానికి ఆరు రెట్లు. ఉప్పుతో బాటు బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రేడియోధార్మికత ఉన్న రేడియం.

తేలిక లెక్క ఒకటి వేద్దాం. 90 లక్షల లీటర్లు పోస్తే అయిదో వంతు, 18 లక్షల లీటర్లు, తిరిగి వచ్చిందనుకుందాం. 200 వద్దు, సగటున 100 పీపీటీయే అనుకుందాం. లీటరుకు 100 గ్రాముల చొప్పున 180 టన్నుల ఉప్పు. ఒక్క బావి దగ్గర, ఒక్క దఫాకు. అందులో ఒకే ఒక ట్యాంకర్, పది వేల లీటర్లు, బోల్తా పడిందనుకోండి. ఆ ఉప్పును తాగునీటి హద్దు అర పీపీటీకి తేవాలంటే అసలు ఉప్పే లేని నీళ్లు 20 లక్షల లీటర్లు కలపాలి. తీరప్రాంతంలో మంచినీళ్లు ఇసుకలో పలచని పొరగా, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. ఆ పొర వానలకు నిండుతుంది, వేసవికి తగ్గుతుంది. నెల్లూరు జిల్లా వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే, రెండు మూడు నెలల్లో పడిపోతుంది. ఏడాదంతా ఆ పొర మీదే బతకాలి. పైనుంచి 100 పీపీటీ నీళ్లు దిగితే ఆ పొర కోలుకోవడానికి ఎన్ని వానాకాలాలు పడతాయో ఏ రైతూ లెక్కపెట్టే అవసరం రాకూడదని నా కోరిక.

ఈ నీళ్లను ఏం చేస్తారు? పెన్సిల్వేనియాలో మొదట ఊళ్ల మురుగు శుద్ధి కేంద్రాలకు తోలారు. ఆ కేంద్రాలు ఉప్పును, బ్రోమైడ్‌ను తీయలేవు. నదిలో కలిసిన బ్రోమైడ్ దిగువన తాగునీటికి క్లోరిన్ కలిపేచోట హానికర పదార్థాలుగా మారుతుందని తేలాక, 2011లో రాష్ట్రం ఆ పని ఆపమంది. మిగిలిన దారి, లోతైన బావుల్లోకి తిరిగి పంపు చేయడం. ఓక్లహోమాలో చమురు, గ్యాస్ బావుల నుంచి వచ్చే ఉప్పునీళ్లకు ఆ దారి పట్టారు. 2009కి ముందు అక్కడ 3 తీవ్రత దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2015 ఒక్క ఏడాదిలో 900 దాటాయి. 2016 సెప్టెంబర్ 3న పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో కంపించింది. 1967 మార్చిలో మన ఒంగోలును కుదిపింది 5.4 తీవ్రత. ఒంగోలుది ప్రకృతి చేసిన పని, ఓక్లహోమాది మురుగు నీళ్లు పారబోసిన పని.

టెక్సస్‌లో డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టూ ఉన్న మన తెలుగువాళ్లకు ఇది పేపర్లో చదివే సంగతి కాదు. వాళ్ల నగరాల కింద ఉన్నది బార్నెట్ షేల్, ఈ పద్ధతి పెరిగి పెద్దదైంది అక్కడే. ఫోర్ట్‌వర్త్ దగ్గర అజిల్‌లో 2013 చివర్లో మొదలైన వరుస కంపాలకు మురుగునీళ్లు కిందికి పంపు చేయడం, గ్యాస్ బావుల నుంచి ఉప్పునీళ్లు తోడడం కలిసి కారణం కావడానికే ఎక్కువ అవకాశమని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. 2014 నవంబర్‌లో డెంటన్ నగర ఓటర్లు 59 శాతం మెజారిటీతో తమ ఊళ్లో ఫ్రాకింగ్‌ను నిషేధించారు. ఆరు నెలలు దాటీ దాటగానే, 2015 మేలో, ఏ ఊరికీ అలా నిషేధించే అధికారం లేకుండా టెక్సస్ రాష్ట్రం చట్టం తెచ్చింది.

బావిలోకి పోయేది, బావి నుంచి కారేది

ద్రవంలో రసాయనాలు 2 శాతానికి మించవని కంపెనీలు చెబుతాయి. నిజమే. 90 లక్షల లీటర్లలో 2 శాతం అంటే లక్షా 80 వేల లీటర్లు, పద్దెనిమిది ట్యాంకర్లు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 నివేదికలో ఫ్రాకింగ్ ద్రవాల్లోనూ, తిరిగొచ్చే నీళ్లలోనూ కలిపి 1,606 రసాయనాలను గుర్తించింది. దీర్ఘకాలం శరీరంలోకి పోతే ఏమవుతుందన్న నమ్మదగ్గ కొలతలు అందులో 173కే ఉన్నాయి. పైగా 2005 నాటి ఇంధన చట్టం అమెరికాలో ఫ్రాకింగ్‌ను భూగర్భ తాగునీటి రక్షణ నిబంధన నుంచి తప్పించింది, డీజిల్ వాడితే తప్ప. అంత పెద్ద దేశంలో అన్ని లక్షల బావుల తర్వాత కూడా లెక్క తేలకపోవడానికి ఆ మినహాయింపూ ఒక కారణం.

మూడు కిలోమీటర్ల లోతున చీలిన రాయి నుంచి రసాయనాలు పైదాకా ఎగబాకుతాయా? సాధారణంగా ఎగబాకవు. ఎక్కువ ప్రమాదం బావిలోనే ఉంది. బోరు వేయించిన ప్రతి రైతుకూ కేసింగ్ విలువ తెలుసు. గ్యాస్ బావిలో గొట్టానికీ నేలకూ మధ్య సిమెంటు పోస్తారు. ఆ సిమెంటు సరిగా పట్టకపోతే గ్యాస్ గొట్టం పక్క సందులోంచి ఎక్కి, పైన మంచినీటి పొరలో కలుస్తుంది. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయం పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో 60 నీటి బావులు పరీక్షించింది. గ్యాస్ బావికి కిలోమీటరు లోపున్న నీటి బావుల్లో మీథేన్ సగటున 17 రెట్లు ఎక్కువుంది. కంపెనీల జవాబు, ఆ మీథేన్ ముందునుంచే ఉందని. తవ్వకం మొదలుకాక ముందు తీసిన నమూనాలు చాలా ఇళ్ల దగ్గర లేవు. వాదన అక్కడే చిక్కుకుపోయింది.

ఇసుక సంగతి మన నెల్లూరు వాళ్లకు దగ్గరది. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల తెల్లటి సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు, ఫౌండ్రీలకు పోతుంది. ఫ్రాకింగ్ చీలికల్లో అడ్డుపెట్టేదీ సిలికా ఇసుకే, బావికి వేల టన్నులు. లారీ నుంచి దించేటప్పుడు, బెల్టు మీద పోయేటప్పుడు కంటికి కనపడని పొడి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దాన్ని తగ్గించే మందు లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధకులు అయిదు రాష్ట్రాల్లో 11 ఫ్రాకింగ్ స్థలాల్లో తీసిన 116 గాలి నమూనాల్లో 47 శాతం ప్రభుత్వ చట్టబద్ధ హద్దును దాటాయి. తమ సొంత సిఫార్సు హద్దుతో చూస్తే 79 శాతం. అదీ మాస్కులు, తనిఖీలు ఉన్న దేశంలో. సిలికా ఇసుక దగ్గర రోజుకూలికి పనిచేసే మన కూలీ తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటాడు.

గాలిలోకి జారిపోయే గ్యాస్ లెక్క కూడా ఒకటుంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికా చమురు, గ్యాస్ రంగంలో తీసిన గ్యాస్‌లో 2.3 శాతం కాలకుండానే గాలిలో కలుస్తోందని తేల్చింది. ప్రభుత్వ అంచనా కంటే అది 60 శాతం ఎక్కువ. ఇరవై ఏళ్ల కాలానికి చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు పైగా వేడి పుట్టిస్తుంది. కిలో గ్యాస్ లెక్కన చూస్తే, ఆ 2.3 శాతం లీకు ఒక్కటే మిగతాదంతా కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ పుట్టించే వేడికి దాదాపు 70 శాతం అదనంగా చేరుస్తుంది. బొగ్గు కంటే శుభ్రమైన ఇంధనం అనే మాట ఈ లీకు దగ్గరే చాలావరకు బలహీనపడుతుంది. ఇది ఎక్కడో జరిగే వ్యవహారమూ కాదు. గెయిల్ ఏడాదికి 58 లక్షల టన్నుల అమెరికా ద్రవీకృత గ్యాస్‌కు ఒప్పందాలు చేసుకుంది. తొలి ఓడ 2018 మార్చి 30న మహారాష్ట్రలోని దభోల్ చేరింది. ఆ దేశపు గ్యాస్‌లో ఎక్కువ భాగం షేల్‌దే.

మన తీరంలో చమురు నష్టం అంటే మంటే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న అక్కడే నగరం అనే ఊళ్లో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ మంటలు దూరం నుంచే అందరికీ కనపడ్డాయి. బోరులోకి దిగే ఉప్పు, గాలిలో సిలికా, లీకయ్యే మీథేన్ కంటికి ఆనవు. వాటికి కొలత ఒక్కటే సాక్ష్యం.

ఆ కొలత మనకు ఎవరు ఇస్తారు? ఫ్రాన్స్ 2011లో ఫ్రాకింగ్ నిషేధించింది. న్యూయార్క్ రాష్ట్రం 2014లో నిషేధం ప్రకటించి 2020లో చట్టం చేసింది. లాంకషైర్‌లో 2.9 తీవ్రతతో నేల కదిలాక ఇంగ్లండ్ 2019 నవంబర్‌లో ఆపేసింది. మన దేశంలో ఫ్రాకింగ్‌కు ప్రత్యేక చట్టం లేదు. పైగా 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చి చమురు, గ్యాస్ అన్వేషణను "ఏ" వర్గం నుంచి "బీ2"కు మార్చింది. అంటే అన్వేషణ బావికి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ఊరివాళ్ల అభిప్రాయం వినే సభ అక్కర్లేదు. ఉత్పత్తి బావులకు మాత్రం అవి ఉన్నాయి. కానీ మొదటి రంధ్రం, మొదటి ఒత్తిడి పరీక్ష, మొదటి మురుగు గుంట పడేది అన్వేషణలోనే. సభ పెట్టే నాటికి ఊరి నీళ్ల పాత స్థితి ఎవరి దగ్గరా ఉండదు. పెన్సిల్వేనియా కుటుంబాల వాదన చిక్కుకుపోయింది సరిగ్గా అక్కడ.

అందుకని ఈ తీరంలో, బిట్రగుంట, బోగోలు, అల్లూరు, కావలి వైపు ప్రతి పంచాయతీ తన బోర్లలో కొన్నింటికైనా ఇప్పుడే నీటి పరీక్ష చేయించి పెట్టుకోవాలని నేను గట్టిగా అడుగుతున్నాను. బావి ఏదీ రాకపోయినా రొయ్యల గుంటల ఉప్పు ఎంత ఇంకుతోందో దానివల్ల తెలుస్తుంది, అదీ లాభమే. రిఫ్రాక్టోమీటర్ ఒక్కటీ చాలదు, సముద్రపు ఉప్పుకూ రాతి ఉప్పుకూ తేడా అది చెప్పలేదు. కరిగిన లవణాలు, క్లోరైడ్‌తో బాటు బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, కరిగిన మీథేన్ కూడా చూడాలి. ప్రభుత్వ గుర్తింపున్న ప్రయోగశాలలోనే చేయించాలి. నమూనా తీసిన తేదీ, బోరు లోతు, చేను సర్వే నంబరు కాగితం మీద ఎక్కించాలి. అక్టోబర్ వానలు పడకముందు ఒకసారి, సంక్రాంతి దాటాక ఇంకోసారి తీయాలి. ఆ కాగితం నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి రైతు ఇంట్లో ఉండాలి.